అనాథ అంకెలు

మూడింటికి తెరుస్తాం.
అంతకుముందే రసమట్టంతో వస్తాడు గాస్తోన్.
చక్రం అంచున దాన్ని పెట్టి, మోకాళ్ల మీద వంగి,
గాలిబుడగ నడిమికి చేరేదాకా
బల్లకాళ్ల కింద మరలు తిప్పుతూనే ఉంటాడు.
"రాత్రి పోటు గట్టిగా వచ్చింది, నేల వెంట్రుకంత ఒరిగింది" అంటాడు.
దియెప్ పట్నంలో దేనికైనా సముద్రమే సాకు.

ఆట ఎలాగంటావా, ఒక్క పూటలో నేర్పేస్తాను.
ముప్పై ఏడు గళ్లు.
ఎర్రవి పద్దెనిమిది, నల్లవి పద్దెనిమిది,
ఎవరి పక్షమూ కాని ఆకుపచ్చ సున్నా ఒకటి.
బల్ల మీది బట్టపై అంకెలు బుద్ధిగా వరసలో కూర్చుంటాయి.
చక్రంలోకి ఎక్కాయా, ఇక వావీ వరసా లేదు:
సున్నాకి ఇటు ముప్పై రెండు, అటు ఇరవయ్యారు,
ఒకటికి తోడు ముప్పై మూడు.

చక్రాన్ని ఒకవైపు తిప్పుతాను,
తెల్లబంతిని దానికి ఎదురు వదులుతాను.
విసరకూడదు. వేలి కొసనుంచి జారాలి,
సబ్బు జారినట్టు.
గోడనంటుకుని గిర్రుమని తిరుగుతుంటే
చేతులన్నీ బల్ల మీదికి వస్తాయి:
పుట్టినరోజులు, ఇంటి నంబర్లు, ఆసుపత్రి గది నంబర్లు.
రొద సన్నగిల్లగానే "ఇక చాలు" అంటాను.
ఆ మాట తర్వాత
ఎంత పెద్దమనిషి చెయ్యి చాపినా
బిళ్లను మెల్లగా వెనక్కి తోసేస్తాను.

బంతి దిగుతుంది. ఇత్తడి మేకుకి కొట్టుకుని
లేగదూడలా రెండు గెంతులు వేస్తుంది. ఠక్.
పడింది పడ్డట్టే.

ఒక్క అంకె మీద పెట్టి గెలిస్తే ఒకటికి ముప్పై అయిదు ఇస్తాం,
పెట్టిందీ తిరిగిస్తాం.
గళ్లేమో ముప్పై ఏడు.
తక్కువైన ఆ ఒక్కటి మీదే
ఈ షాండిలియర్, ఈ తివాచీ, గాస్తోన్ రసమట్టం,
నా జీతం
నిలబడి ఉన్నాయి.

మా కోటు జేబులు కుట్టేసి ఉంటాయి.
బల్ల వదిలేటప్పుడు చేతులు దులిపి
బోర్లించి, వెల్లకిలా తిప్పి చూపించాలి పైనున్న కెమెరాకి.
ఎవరి కొంపలు ఎలా మునిగినా
చేతులు దులుపుకోవడమే నా ఉద్యోగం, అక్షరాలా.

గురువారం గురువారం మదాం కెనెల్ వస్తుంది.
రేవు కచేరీలో నలభై ఏళ్లు
ఏ పడవ ఎప్పుడు వచ్చిందో రాసిన మనిషి.
ఆమెవి అయిదే బిళ్లలు, ఎప్పుడూ అనాథల మీదే.
మా వాడుకలో సున్నా చుట్టుపక్కలవి పొరుగువాళ్లు,
ఎదురుగా ఉన్న పన్నెండూ మరో జట్టు.
ఎటూ చేరని ఎనిమిదింటికి అనాథలని పేరు:
ఒకటి, ఇరవై, పద్నాలుగు, ముప్పై ఒకటి, తొమ్మిది,
అటు దూరంగా పదిహేడు, ముప్పై నాలుగు, ఆరు.

ఆమె దగ్గర నీలం అట్ట పుస్తకం ఉంది.
పడిన ప్రతి అంకే అందులో, వేళతో సహా.

కొత్తగా చేరిన మయెల్ ఉండబట్టలేక అనేశాడు:
"చక్రానికి జ్ఞాపకం ఉండదు మదాం.
నిన్నటిది దానికి తెలీదు."
పెన్సిల్ ఆపలేదామె.
"తెలుసు బాబూ.
అందుకే కదా
నేను రాస్తున్నది."

ఫిబ్రవరిలో రెండు వారాలు రాలేదు. జ్వరం.
మూడో గురువారం మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుని వచ్చింది.
మయెల్ గొంతు తగ్గించి
ఆ రెండు రోజులవీ అప్పజెప్పడం మొదలుపెట్టాడు:
"ఇరవై రెండు, అయిదు, మళ్లీ అయిదు, సున్నా..."
(వీడెప్పుడు కంఠతా పట్టాడు?)

ఆమె చెయ్యెత్తి ఆపింది.
"చూడని పడవని రాయకూడదు. రేవు నియమం."
రెండు పేజీలు తెల్లగా వదిలి
మూడోది తిప్పింది.

అయిదు బిళ్లలు. అనాథలు.
నేను చక్రం తిప్పాను, బంతి జార్చాను, ఇక చాలన్నాను.
ఠక్.

తన బిళ్లల వంక చూడకముందే
అంకె రాసుకుంది,
పక్కన వేళ వేసింది.